ఇంట్లోకి మృదువైన హ్యాండ్‌వాష్ ఏది కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

చేత్తో కలుపుకుని తినే ఇళ్లలో హ్యాండ్‌వాష్‌కి పూటపూటా పరీక్షే. తినబోయే ముందు కడుక్కుంటే ముద్దలో దాని వాసన తగలకూడదు. తిన్నాక కడుక్కుంటే పులుసు జిడ్డు వేళ్లకి మిగలకూడదు. ఈ రెండూ చేస్తూ చర్మాన్ని ఎండగట్టకూడదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఊళ్లకి వీటికి తోడు ఉప్పు బోరు నీళ్లు ఉండనే ఉన్నాయి. సీసా ముందువైపున్న పూలబొమ్మ వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు. వెనకవైపున్న చిన్న అక్షరాలు చాలావరకు చెబుతాయి.

హ్యాండ్‌వాష్ అంటే సబ్బును నీళ్లలో కరిగించిందేనా?

కొన్ని అంతే, చాలావరకు కాదు. నూనెని కాస్టిక్ సోడాతో కలిపితే గట్టి సబ్బు వస్తుంది. కాస్టిక్ పొటాష్‌తో కలిపితే జారుగా ఉండే సబ్బు వస్తుంది. రెండూ అసలైన సబ్బులే, రెండింటిదీ క్షారగుణమే. వాటి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 కంటే పైనుంటే క్షారం, కిందుంటే పులుపు) 9, 10 మధ్య ఉంటుంది. మన చర్మం పైపొర పీహెచ్ 5కి అటూ ఇటూ. సబ్బుబిళ్లతో కడిగాక చెయ్యి బిర్రుగా లాగినట్టు ఉండటానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

రెండో రకంలో అసలు సబ్బే ఉండదు. కొబ్బరి నూనె, పామాయిల్, పెట్రోలియం లాంటి వాటినుంచి తయారైన శుభ్రపరిచే పదార్థాలను నీళ్లలో కలిపి, సిట్రిక్ యాసిడ్‌తో పీహెచ్‌ను 5 నుంచి 7 మధ్యకి తెస్తారు. మృదువైనది కావాలంటే, అందులోనూ బోరు నీళ్లతో వాడేదైతే, ఈ రెండో రకంలోనే వెతకండి. 'అసలైన సబ్బు, రసాయనాల్లేవు' అని రాసుకున్నదే చేతికి మెత్తగా ఉంటుందనుకుంటే కుదరదు. క్షారం లేకుండా సబ్బు తయారవదు.

లేబుల్ మీద ఏం చూడాలి?

పదార్థాల జాబితాలో ఎక్కువ మోతాదున్నది ముందొస్తుంది. ఒక శాతం లోపు ఉన్నవాటిని చివర్లో ఏ వరుసలోనైనా రాయొచ్చు. మొదటి పేరు సాధారణంగా నీళ్లదే. 'ఆక్వా' అనో 'వాటర్' అనో ఉంటుంది. దాని తర్వాతి నాలుగైదు పేర్లే అసలు సరుకు.

ఎక్కువ సీసాల్లో రెండో పేరు సోడియం లారెత్ సల్ఫేట్. జిడ్డు బాగా తీస్తుంది, మామూలు చర్మానికి పరవాలేదు. సోడియం లారిల్ సల్ఫేట్ వేరే పదార్థం, చర్మాన్ని ఎక్కువ చికాకు పెడుతుంది. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్షరం అక్షరం చదవండి. ఆ వెంటనే కోకమిడోప్రొపైల్ బీటైన్ కనిపిస్తే మంచి గుర్తు. లారెత్ సల్ఫేట్ కాఠిన్యాన్ని అది తగ్గిస్తుంది. డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ ముందు వరుసలో ఉంటే ఇంకా మృదువు. ధర ఎక్కువ ఉంటుంది, నురగ కాస్త తక్కువ వస్తుంది. నురగ తక్కువైనంత మాత్రాన మురికి వదలడం తగ్గదు.

పొటాషియం హైడ్రాక్సైడ్‌తో (కాస్టిక్ పొటాష్ అంటే ఇదే) పాటు లారిక్ యాసిడ్, మైరిస్టిక్ యాసిడ్ అని కనిపిస్తే, లేదా పొటాషియం కోకోయేట్ అని ఉంటే, అది అసలైన సబ్బు రకం.

తర్వాత 'పర్ఫ్యూమ్' అన్న పేరు ఎక్కడుందో చూడండి. హ్యాండ్‌వాష్‌లో సువాసన సాధారణంగా ఒక శాతం లోపే వేస్తారు. అందుకని దాని తర్వాత వచ్చే కలబంద, వేప, తేనె, గంధం అంతకంటే ఎక్కువ ఉండే అవకాశం తక్కువ. సీసా నిండా కలబంద బొమ్మ ఉండి, జాబితాలో దాని పేరు రంగుల పక్కన నక్కి ఉంటే ఆ బొమ్మకి డబ్బివ్వకండి. గ్లిజరిన్ మాత్రం పర్ఫ్యూమ్ కంటే ముందుండాలి. అలా ఉంటేనే చేతికి ఏదైనా తేడా తెలుస్తుంది.

సోడియం క్లోరైడ్ అంటే ఉప్పు. చిక్కదనం కోసం వేస్తారు. చిక్కగా ఉన్నది ఘాటుగా పనిచేస్తుందన్న నమ్మకం చాలామందికి ఉంది గాని, చిక్కదనానికీ శుభ్రపరిచే శక్తికీ సంబంధం లేదు. ముత్యంలా మెరిసే తెల్లదనం గ్లైకాల్ డైస్టియరేట్ వల్ల వస్తుంది. అది కంటికే, చేతికి కాదు.

తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో... వీటిలో ఏది లేకపోయినా ఆ సీసా పక్కన పెట్టేయండి.

కొన్నది క్షారమో కాదో ఇంట్లో తేల్చుకోవచ్చా?

పసుపుతో తేల్చుకోవచ్చు. చిటికెడు పసుపు రెండు చెంచాల నీళ్లలో కలిపి తెల్ల కాగితం మీద పూసి ఆరనివ్వండి. ఒకచోట హ్యాండ్‌వాష్ చుక్క వేయండి, పక్కన తడిపిన సబ్బుబిళ్ల రుద్దండి. క్షారం తగిలిన చోట పసుపు ఎర్రబారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేదీ ఇందుకే. హ్యాండ్‌వాష్ చుక్క కింద పసుపు పసుపుగానే ఉంటే అది క్షారం కాదు. ఈ పరీక్షకి ఒక హద్దుంది: పీహెచ్ 8 దగ్గరికి వస్తేగాని పసుపు రంగు మారదు, కాబట్టి 5.5కీ 7కీ తేడా ఇది చెప్పలేదు. రంగున్న హ్యాండ్‌వాష్ అయితే చుక్కని తుడిచేసి, కింద మిగిలిన మచ్చ చూడండి.

మా బోరు నీళ్లలో నురగే రాదు. ఏది కొన్నా ఇంతేనా?

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు ముందు వాటితో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది. సింకు అంచున, కుళాయి కింద బంకగా పేరుకునేది అదే. చేతిమీదా కాస్త మిగులుతుంది. ఆరాక దురదకి, పొలుసులకి అదీ ఒక కారణం. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్లలో నీళ్లలో మామూలు ఉప్పే ఎక్కువైతే దానివల్ల కూడా సబ్బు నురగ చచ్చిపోతుంది. లారెత్ సల్ఫేట్, బీటైన్, గ్లూకోసైడ్ రకాలు తెట్టు కట్టవు. నురగ కొంచెం తగ్గినా పని ఆగదు. జాబితాలో ఇడిటిఎ ఉంటే కాల్షియాన్ని అది పట్టి ఉంచుతుంది, ఇంకొంత మేలు.

మీ నీళ్లు ఎలాంటివో చూడాలంటే రెండు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగానికి బోరు నీళ్లు, రెండోదాంట్లో అంతే క్యాన్ నీళ్లు పోయండి. వేలిగోరంత స్నానపు సబ్బు ముక్క చెరొకటి వేసి, కరిగాక పదిసార్లు గట్టిగా కుదపండి. క్యాన్ నీళ్ల సీసాలో నురగ నిలిచి, బోరు నీళ్లది విరిగిన పాలలా తయారైతే మీకు అసలైన సబ్బు రకం పనికిరాదు. టీడీఎస్ మీటరు చూపించేది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంతో విడిగా చెప్పదు. అది ల్యాబ్‌లో తేలాల్సిందే. తాగునీటికి భారతీయ ప్రమాణం కాఠిన్యాన్ని లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది.

కనిగిరి వైపువాళ్లు ఫ్లోరైడ్ గురించి అడుగుతుంటారు. అది తాగే నీళ్ల విషయం. నురగ రాకపోవడానికి ఫ్లోరైడ్ కారణం కాదు.

అన్నం తినేటప్పుడు చేతికి సెంటు వాసన వస్తోంది. ఏం చేయాలి?

భోజనాల గది సింకు దగ్గర పెట్టే హ్యాండ్‌వాష్ విషయంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే, అందరూ చివర్న చూసేదీ ఇదే. చెంచాతో తినేవాళ్లకి గులాబీ వాసన ఇబ్బంది కాదు. పెరుగన్నం కలిపే వేళ్లకి ఇబ్బందే. గులాబీ, గంధం, మల్లె లాంటి బరువైన వాసనలు కడిగాక కూడా చాలాసేపు చర్మాన్ని పట్టుకుంటాయి. నిమ్మ, నారింజ వాసనలు తొందరగా ఎగిరిపోతాయి. సువాసన లేని రకం దొరికితే ఇంకేం కావాలి.

అంగట్లో మూత తీసి వాసన చూస్తే సరిపోదు. చిన్న సీసా కొని, చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఐదు నిమిషాలాగి వేళ్లు వాసన చూడండి. వాసన తెలుస్తుంటే దాన్ని బాత్రూముకి మార్చండి. ఒకే ఇంట్లో రెండు రకాలు వాడితే తప్పేం లేదు.

చేపలు కడిగాక నీచు వాసన ఎంత రుద్దినా పోదెందుకు?

నీచు వాసనకి ముఖ్య కారణం ట్రైమిథైలమీన్ లాంటి క్షారగుణమున్న పదార్థాలు. క్షారమైన సబ్బు వాటిని కదిలించలేదు. పులుపు తగిలితే అవి నీళ్లలో కరిగే లవణంగా మారి, గాలిలోకి లేవడం మానేస్తాయి. పులుసు కోసం చింతపండు పిసికాక పిప్పి పారేయకండి. చేపల పని అవగానే ముందు చన్నీళ్లతో కడిగి, ఆ పిప్పితో అర నిమిషం వేళ్ల సందులు, గోళ్ల చివర్లు రుద్దండి. నీళ్లతో పూర్తిగా కడిగేశాక హ్యాండ్‌వాష్ వేయండి. పులుపు ఉండగానే అసలైన సబ్బు వేస్తే అది విరిగిపోయి జిడ్డుగా తయారవుతుంది. ముల్లు గీసుకున్న చోట చింతపండు మండుతుంది, ఆ వేలు వదిలేయండి. రొయ్యలు ఒలిచేటప్పుడు గ్లవ్స్ వేసుకుంటే ఇదంతా అక్కర్లేదు.

నిమ్మచెక్క కూడా పనిచేస్తుంది గాని ఒక జాగ్రత్త ఉంది. నిమ్మరసం చర్మం మీదుండగా ఎండ తగిలితే బొబ్బలు, తర్వాత నెలల తరబడి పోని నల్లమచ్చలు రావొచ్చు. పొదలకూరు లాంటి చోట్ల నిమ్మకాయల పనిలో ఉండేవాళ్లు ఎండలోకి వెళ్లేముందు చేతులు, ముంజేతులు హ్యాండ్‌వాష్‌తో కడుక్కోవాలి.

మిరపకాయల మంట, పొగాకు జిగురు హ్యాండ్‌వాష్‌తో పోతాయా?

నేరుగా పోవు. రెండూ నూనెలో కరిగేవి. పొడి చేతికి చెంచాడు వంటనూనె పట్టించి నిమిషం రుద్ది, పాతగుడ్డతో తుడిచి, అప్పుడు రెండుసార్లు హ్యాండ్‌వాష్‌తో కడగండి. ముందే నీళ్లు పోస్తే మంట పరుచుకుంటుంది. పచ్చి పొగాకు ఆకు కోసేవాళ్లకి తడి చేతుల గుండా నికోటిన్ ఒంట్లోకి దిగి తల తిరగడం, వాంతులు రావొచ్చు. వాళ్లకి గ్లవ్స్ ముందు, హ్యాండ్‌వాష్ తర్వాత.

చీమకుర్తి వైపు గ్రానైట్ పనిలో రాతిపొడి అంటిన చేతులకి మాత్రం నూనె వద్దు. ముందు నీళ్లధార కింద పొడి పోనివ్వండి. పొడి ఉండగానే రుద్దితే అది చర్మాన్ని గీరుతుంది.

99.9 శాతం క్రిములు చస్తాయని రాసినది కొనడం మేలు కదా?

ఇంట్లో వాడకానికి అవసరం లేదు. ఆ అంకె ప్రయోగశాలలో, ఎంచుకున్న కొన్ని క్రిముల మీద, నిర్ణీత సమయం పాటు చేసిన పరీక్షది. చేతులు కడిగేటప్పుడు పని జరిగేది రుద్దడంవల్ల, నీళ్లతో కొట్టుకుపోవడంవల్ల. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్ సహా 19 క్రిమినాశక పదార్థాలను అక్కడి ఇళ్లలో వాడే యాంటీబ్యాక్టీరియల్ సబ్బుల్లోంచి తీసేయించింది. మామూలు సబ్బు, నీళ్ల కంటే అవి మెరుగని కంపెనీలు నిరూపించలేకపోయాయి, రోజూ ఏళ్లతరబడి వాడితే ప్రమాదం లేదనీ చూపలేకపోయాయి. ఇంట్లో రోగికి పుండ్లు కడుగుతుంటే సంగతి వేరు, అప్పుడు డాక్టరు చెప్పింది వాడండి.

తడిపి, మణికట్టు దాకా రుద్ది, కడిగి, తుడుచుకునేసరికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. రుద్దడమే 20 సెకన్లు. ఎక్కువమంది వదిలేసేవి బొటనవేలు, గోళ్ల చివర్లు, ఉంగరం కింది చోటు.

చేతులు పగిలి మండుతున్నాయి. హ్యాండ్‌వాష్ మారిస్తే తగ్గుతుందా?

కొంత తగ్గొచ్చు. కానీ తప్పు ఒక్కోసారి హ్యాండ్‌వాష్‌ది కాదు, గిన్నెలు తోమే లిక్విడ్‌దో బట్టల పొడిదో అయి ఉంటుంది. ముందు ఆ రెండు పనులకీ గ్లవ్స్ వేసుకుని రెండు వారాలు చూడండి. ఆ తర్వాత సువాసన, రంగు లేని హ్యాండ్‌వాష్‌కి మారండి. మిథైల్‌ఐసోథియాజోలినోన్ అనే నిల్వ పదార్థం (సరుకు పాడవకుండా వేసేది) కొందరికి ఎలర్జీ తెస్తుంది, అది లేనిది చూడండి. సోడియం బెంజోయేట్, ఫినాక్సీఇథనాల్ ఎక్కువమందికి పడతాయి.

కొత్తది చేతులకి వాడేముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర రాసి, ఐదు నిమిషాలుంచి కడిగేయండి. రోజుకి రెండుసార్లు, వారం పాటు. ఎర్రబడకపోతే వాడండి.

వేడినీళ్లు చర్మంలోని నూనెని ఇంకా లాగేస్తాయి. రోహిణి కార్తెలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనట్టు కాగుతాయి. ఆ నెలల్లో సింకు పక్కన బక్కెట్లో పొద్దున పట్టిన నీళ్లు పెట్టుకుని చెంబుతో వాడుకోండి. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి. చెయ్యి కాస్త చెమ్మగా ఉండగానే వాజలీన్‌గాని కొబ్బరినూనెగాని పల్చగా రాయండి. నెలైనా పగుళ్లు తగ్గకపోయినా, నీటిపొక్కులు లేచినా, గోళ్ల చుట్టూ వాచినా చర్మ డాక్టరుకి చూపించండి.

చిన్నపిల్లలకి వేరే హ్యాండ్‌వాష్ కొనాలా?

అక్కర్లేదు. మృదువైనది ఇంటిల్లిపాదికీ ఒకటే. పిల్లలు పంపు ఐదారుసార్లు నొక్కేస్తారు, నురగ పంపు సీసా పెడితే దుబారా తగ్గుతుంది.

నీళ్లు కలిపి వాడుకోవచ్చా?

మామూలు పంపు సీసాలో వద్దు. ఉప్పుతో వచ్చిన చిక్కదనం కాస్త నీళ్లకే ఒక్కసారిగా పల్చనైపోతుంది, నొక్కితే సింకులోకి చిమ్ముతుంది. అంతకంటే ముఖ్యం, నిల్వ పదార్థం కూడా పల్చబడుతుంది. క్రిములు పెరగకుండా కంపెనీ లెక్కగట్టి వేసిన మోతాదు అది. వాసన మారినా, మబ్బుగా కనిపించినా, తీగలు సాగినా పారబోయండి.

నురగ పంపు సీసా సంగతి వేరు, దానికి పల్చటిదే కావాలి. 200 మి.లీ. సీసాకి 40 మి.లీ. హ్యాండ్‌వాష్, 160 మి.లీ. కాచి చల్లార్చిన క్యాన్ నీళ్లు. ముందు నీళ్లు పోసి తర్వాత హ్యాండ్‌వాష్ వేసి, కుదపకుండా మెల్లగా అటూ ఇటూ వంచండి. ముత్యపు మెరుపు రకాలు, లోపల పూసలున్న రకాలు పంపు లోపలి జల్లెడలో అడ్డుపడతాయి, ఇందులో పోయకండి. వారం పది రోజుల్లో అయిపోయేంతే కలపండి.

రీఫిల్ ప్యాకెట్టు మిగిలిన దానిమీదే పోసేయొచ్చా?

అడుగున మిగిలినదాని మీద మళ్లీ మళ్లీ పోస్తుంటే సీసా ఎప్పటికీ ఖాళీ అవదు, లోపల చేరిన క్రిములు కొత్తదాంట్లోకి పాకుతాయి. సీసా పూర్తిగా అయ్యాక వేడినీళ్లతో కడిగి, పంపులోంచి కూడా వేడినీళ్లు పదిసార్లు కొట్టి, రాత్రంతా బోర్లించి ఆరనిచ్చి నింపండి. రెండు సీసాలుంటే ఒకటి ఆరేలోగా రెండోది నడుస్తుంది. కత్తిరించిన ప్యాకెట్టు మూతిని మడిచి క్లిప్పు పెట్టి, ఎండ తగలని అలమరలో ఉంచండి.

వీధుల్లో క్యాన్లలో అమ్మే లూజు హ్యాండ్‌వాష్ చవగ్గా వస్తోంది...

ఫినాయిలు, గిన్నెల లిక్విడ్ అమ్మేవాళ్ల దగ్గరే ఇదీ ఉంటుంది. దేంతో చేశారో, పీహెచ్ ఎంతో రాసి ఉండదు. గిన్నెల లిక్విడ్‌కి వాడే యాసిడ్ స్లర్రీ అనే ఘాటైన డిటర్జెంటు ముడిసరుకునే రంగు, సెంటు మార్చి పోసినా మనకి తెలియదు. అది గిన్నెల జిడ్డుకి సరే, రోజుకి ఆరుసార్లు చేతికి కాదు.

ఇంట్లోనే చేసుకుంటే?

సబ్బుబిళ్ల తురిమి నీళ్లలో కాచితే వేడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, చల్లారాక జావలా బిగిసి పంపులో ఎక్కదు. క్షారగుణమూ తగ్గదు. కుంకుడు రసం చేతికి మంచిదే, కానీ రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది, కంట్లో పడితే విపరీతంగా మండుతుంది. పొద్దున నానబెట్టి సాయంత్రానికి వాడేసేవాళ్లు చేసుకోవచ్చు.

నలుగురున్న ఇంటికి నెలకి ఎంత పడుతుంది?

మనిషికి రోజుకి ఆరుసార్లు, ఒక్కో నొక్కుకి 1.5 మి.లీ. అనుకుంటే రోజుకి 36 మి.లీ. అంటే 750 మి.లీ. ప్యాకెట్టు మూడు వారాలు. జిడ్డు లేని చేతులకి సగం నొక్కు చాలు, అప్పుడు ఆరు వారాలొస్తుంది. ఏది చవకో తేల్చాలంటే ప్యాకెట్టు మీద ఎమ్మార్పీ పక్కన ముద్రించే మి.లీ. ధర పోల్చండి. 'ఒకటి కొంటే ఒకటి' ఆఫర్లలో సీసా చిన్నదై ఉంటుంది, ఆ లెక్కా అక్కడే బయటపడుతుంది.

పంపు పనిచేయడం లేదు, సీసా పారేయాలా?

కొత్తదైతే తల ఎడమకి తిప్పితే తాళం విడుతుంది, తర్వాత ఆరేడుసార్లు నొక్కితేగాని పైకి రాదు. పాతదైతే ముక్కు చివర ఎండిన ముద్దో బోరు నీళ్ల తెల్లపొరో అడ్డుపడి ఉంటుంది. పంపు తలని గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచండి. తెల్లపొర అయితే నీళ్లకి బదులు వెనిగర్ వాడి, తర్వాత మంచినీళ్లు కొట్టి కడగండి. నొక్కిన తల పైకి లేవకపోతే లోపలి స్ప్రింగు తుప్పు పట్టినట్టే, తీరం దగ్గర ఇళ్లలో ఇది మామూలు. అలాంటప్పుడు పంపు ఒక్కటే మారిస్తే చాలు. పాత షాంపూ సీసా పంపు మర అదే కొలతైతే సరిపోతుంది. గొట్టం పొడవైతే అడుగుకి తగిలేచోట ఏటవాలుగా కత్తిరించండి. నేరుగా కత్తిరిస్తే గొట్టం మూతి అడుగుకి అంటుకుని లిక్విడ్ ఎక్కదు.